మంద వెంట కాపురం

2023 జనవరి. సూర్యాపేట కోర్టు దగ్గరి సందులో, ఒక జిరాక్స్ షాపు మీది గదిలో నా ఆఫీసు. నేను వకీలును. పేపర్లలో పడే కేసులు నా దగ్గరికి రావు. పెండ్లి రిజిస్ట్రేషన్లు, వారసత్వ సర్టిఫికెట్లు, పేరు మార్పిళ్లు, గల్ఫ్‌కు పోయేవాళ్ల కాగితాలు, అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్ల తగాదాలు. ఇన్నేళ్లలో వందల పెండ్లిళ్లు రిజిస్టర్ చేయించిన. వాటిలో ఒక్కటి మాత్రం ఇప్పటికీ నిన్న జరిగినట్టే ఉంటుంది.

ఆ రోజు పొద్దున ముగ్గురు వచ్చారు. ముందు ఒక పెద్దామె, భుజం మీద మడిచిన గొంగడి. ఆమె వెనక ముప్పై దాటిన కొడుకు. అతని పక్కన పొడుగాటి నల్లటి అమ్మాయి, చేనేత చీర కట్టుకుంది. చీర కొంచెం పైకి కట్టింది, నడవడానికి అడ్డం రాకుండా. ఆమె కుర్చీలో కూచోలేదు. నిలబడి గోడ మీది క్యాలెండరులో ఉన్న ఎడ్ల బొమ్మను చూస్తూ ఉండిపోయింది.

కొడుకు పేరు మల్లేశ్. పెన్‌పహాడ్ మండలంలో ఊరు. తాతల నాటి నుంచి గొర్ల మంద ఉన్న ఇల్లు. ఆరేడేండ్ల కింద కువైట్‌కు పోయిండు. అక్కడ ఎడారిలో ఒక సేటు గొర్ల దొడ్డిలో కాపరి పని. ఇక్కడ గొర్లు కాయలేక అక్కడికి పోతే, అక్కడ కూడా గొర్లే కాయమన్నరని తనే నవ్వుతూ చెప్పిండు.

అమ్మాయి పేరు అయంతు. ఇథియోపియా. ఆ సేటు ఇంట్లో పనిమనిషి. చలికాలంలో ఆ కుటుంబం ఎడారిలో డేరాలు వేసుకుని కొన్నాళ్లు ఉంటుందట. వంటకు అయంతును తెచ్చేవాళ్లు. ఒకరోజు ఒక గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే, మల్లేశ్ చెయ్యి పెద్దది కాబట్టి పిల్లను తిప్పలేకపోయిండు. వంట దగ్గరున్న అయంతు లేచొచ్చి, చేతులకు నూనె రాసుకుని, ఏమీ అడగకుండా మోకాళ్ల మీద కూచుంది. కాసేపటికి పిల్ల బయటికొచ్చింది, తల్లీ బతికింది. ఆమెది కూడా ఆవులు, గొర్లు మేపే ఇల్లేనని అప్పుడే తెలిసింది.

“గప్పుడే అనుకున్న మేడం, ఈ పిల్ల మనోళ్ల పిల్లే అని,” అన్నడు మల్లేశ్.

ఇద్దరూ మాట్లాడుకునేది అరబ్బీలో. చదువుకున్న అరబ్బీ కాదు, పని చేసే ఇండ్లలో చెవిన పడి నేర్చుకున్న అరబ్బీ. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగులో అప్పటికి పది ఇరవై మాటలు వచ్చినట్టున్నయి, అవన్నీ మందకు సంబంధించినవే.

తర్వాత సేటు గొర్లను అమ్మేసుకున్నడు. మల్లేశ్‌ను ఇంటికి పంపిండు. ఇక్కడ తండ్రి చనిపోవడంతో మంద ఇతని మీద పడింది. అయంతుకు ఇంకా రెండేండ్ల ఒప్పందం ఉంది. ఆ రెండేండ్లు ఇద్దరూ ఫోన్‌లో మాట పంపుకుంటూ గడిపారు. ఆమె ఒప్పందం ముగియగానే సొంతూరుకు పోయి, తల్లిదండ్రులకు చెప్పి, టూరిస్ట్ వీసా తీసుకుని, హైదరాబాద్‌లో దిగింది. విమానాశ్రయంలో ఎదురుచూస్తూ మల్లేశ్ తెల్లారేదాకా కూచున్నడట. ఆమె వస్తుందన్న నమ్మకం ఉన్నా గానీ, బయటికి వచ్చేదాకా ఆ తలుపు మీది నుంచి కన్ను తీయలేదట.

ఇట్లాంటి పెండ్లిళ్లలో నేను ముందు పెద్దవాళ్ల మనసు తెలుసుకుంటాను. రేపు ఎవరో ఒకరు అభ్యంతరం చెప్తే పని మొత్తం ఆగిపోతుంది. మల్లేశ్ తల్లి బుచ్చమ్మను అడిగిన, నీకు ఇష్టమేనా అమ్మా అని.

ఊర్లో వాళ్లు నానా మాటలు అన్నారని, తమ్ముడు తన బిడ్డను ఇస్తానని ఆశపడ్డాడని, తనకూ మొదట్లో రెండు రోజులు బువ్వ సయించలేదని చెప్పింది. ఆ తర్వాత అన్నది:

“మూడో రోజు పిల్ల మందలకు పోయింది. గొర్లు కొత్త మనిషిని సూస్తే బెదురుతయి వకీలమ్మా. దీన్ని సూసి ఒక్కటి బెదరలే. నాకు గంతే సాలు.”

ఊర్లో అయంతు అనే పేరు ఎవరికీ నోరు తిరగలేదు. బుచ్చమ్మే అనంతమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. ఊరంతా అదే పేరు పట్టుకుంది.

దేశాలు, మతాలు వేరైన ఇద్దరు పెండ్లి చేసుకోవాలంటే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ అనే చట్టం ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు ఇస్తే, వాళ్లు నోటీసు బోర్డు మీద పెడతారు. నెల రోజులు ఆగాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. విదేశీ మనిషి అయితే ఆమెకు అంతకుముందు పెండ్లి కాలేదని వాళ్ల దేశం నుంచి సింగిల్ స్టేటస్ సర్టిఫికెట్ కావాలి. దాని మీద అక్కడి ముద్రలు, ఇక్కడి ఎంబసీ ముద్ర పడాలి. అక్కడున్న అయంతు వాళ్ల అన్న, ఊరి నుంచి జిల్లా పట్నానికి, అక్కడి నుంచి రాజధానికి తిరిగి ఆ కాగితం సంపాదించి పంపేసరికి మార్చి వచ్చింది. నోటీసు కాలం గడిచింది. బుచ్చమ్మ తమ్ముడు అభ్యంతరం పెడతాడేమోనని నేను లోపల కలవరపడుతూనే ఉన్నాను. కానీ పెండ్లి రోజు ఆయనే సాక్షి సంతకం పెట్టడానికి తెల్ల అంగీ వేసుకుని వచ్చిండు.

ఏప్రిల్‌లో పెండ్లి అయింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ దండలతో నిలబడి ఫోటో దిగారు. అందరూ మొత్తం పని అయిపోయిందనుకున్నారు. నాకు మాత్రం అసలు పని అప్పుడే మొదలు.

టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటూనే దాన్ని ఇంకో రకం వీసాగా మార్చుకోవడం మామూలుగా కుదరదు. ఇక్కడివాళ్లను పెండ్లి చేసుకుంటే మాత్రం ఒక దారి ఉంది. దాన్ని వీసా కన్వర్షన్ అంటారు. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అని, విదేశీయుల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. పెండ్లి సర్టిఫికెట్, ఇంటి రుజువు, ఇద్దరి ఫోటోలు, భార్య బాధ్యత నాదేనని భర్త రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్ అన్నీ జతచేయాలి. ఇన్ని ఇచ్చినా చివరికి అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంటుంది. స్థానిక పోలీసులు ఇంటికి వచ్చి, వీళ్లు నిజంగా భార్యాభర్తలేనా, కలిసి ఉంటున్నారా అని విచారించి రిపోర్టు ఇవ్వాలి. వీసా కోసం పేరుకు పెండ్లి చేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే. నేను తప్పు పట్టను.

దరఖాస్తు పెట్టినం. ఇంటి అడ్రసు ఊర్లో బుచ్చమ్మ ఇల్లు. ఇల్లు నిజంగా వాళ్లదే, వంట గది, రెండు గదులు, వెనక దొడ్డి. ఇక విచారణకు ఎవరైనా వస్తారు, ఇద్దరూ ఇంట్లో ఉంటారు, పని అయిపోతుందనుకున్నం.

ఆ సంవత్సరం వరికోతలు జర ముందే అయినయి. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ వైపు పొలాలు ఖాళీ అయ్యాయని కబురొచ్చింది. ఎండాకాలంలో మన దగ్గర గడ్డీ నీళ్లూ తక్కువ. అందుకని గొర్లకాపరులు మందలను తోలుకుని ఆయకట్టు వైపు పోతారు. పగలు కోసిన పొలాల్లో మేపి, రాత్రి రైతు చెప్పిన మడిలో వల కట్టి మందను ఆపుతారు. పొలానికి ఎరువు దొరుకుతుంది, కాపరికి రైతు వడ్లు కొలుస్తడు. వానలు పడేదాకా అదే కాపురం. ప్రతి ఏడాది ఉండేదే కాబట్టి అది నాతో చెప్పాల్సిన సంగతని మల్లేశ్‌కు అనిపించలేదు. మంద పోయింది, మంద వెంట ఇద్దరూ పోయారు. బుచ్చమ్మ మోతె ఊర్లో ఉన్న పెండ్లయిన బిడ్డ దగ్గరికి పోయింది.

సరిగ్గా అప్పుడే విచారణ వచ్చింది.

ఏఎస్సై యాదగిరి గారు ఊరికి పోయేసరికి ఇంటికి తాళం. పక్కింటి వాళ్లను అడిగిండట, ఇక్కడ అయంతు అనే విదేశీ అమ్మాయి ఉంటదా అని. వాళ్లు నిజాయితీగా, ఆ పేరుతోటి ఎవరూ లేరు సార్ అన్నారు. ఆయన విన్నది, చూసినది రాసిండు. చెప్పిన అడ్రసులో మనుషులు లేరు, ఇంటికి తాళం ఉంది, ఆ పేరుగల మనిషి ఇరుగుపొరుగుకు తెలియదు.

మే నెల మధ్యలో నా కంప్యూటర్లో ఆ సమాచారం వచ్చింది. దరఖాస్తు మూసివేసే ఆలోచనలో ఉన్నట్టు, చెప్పుకునేది ఉంటే వెంటనే చెప్పాలని. వీసా గడువు జూన్‌లో అయిపోతుంది. కన్వర్షన్ కాకపోతే ఆమె దేశం విడిచి పోవాల్సిందే. మళ్లీ అక్కడి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఎప్పుడు వస్తుందో, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. మల్లేశ్ మందను వదిలి ఆమె వెంట పోలేడు. రెండేండ్లు ఫోన్‌లో మాటలతో గడిపినోళ్లు, మళ్లీ అదే బతుకు.

మల్లేశ్‌కు ఫోన్ చేసిన. గాలి హోరు, గొర్ల అరుపుల మధ్య అతని గొంతు. విషయం చెప్పిన. రేపే ఇంటికొచ్చి కూచుంటమని, మందను వేరేవాళ్లకు అప్పజెప్తమని, సార్‌ను మళ్లీ ఒకసారి రమ్మనమని అడగమన్నడు.

తేలిక దారి అదే. నేనూ ఒక పూట దాని గురించే ఆలోచించిన. మరునాడు స్టేషన్‌కు పోయి యాదగిరి గారిని కలిసిన. ఆయన నా మాట మొత్తం విన్నడు. మంద సంగతి, అనంతమ్మ పేరు సంగతి చెప్పంగనే తల కొట్టుకున్నడు. పక్కింట్లో అనంతమ్మ గురించి వాళ్లే ఏదో చెప్పబోతే, తనకు కావాల్సిన పేరు అది కాదని తను ఆపేసిండట.

కానీ ఇంట్లో కూచోబెడతామంటే ఒప్పుకోలేదు.

“మేడం, ఒక్కరోజు వాళ్లు ఇంట్ల కూసుంటరు, నేను పోయి సూస్త. ఎల్లుండి మళ్ల తాళమే. అది సూసి ఎవడో పిటిషన్ పెడితే నేను రాసింది అబద్ధమైతది, ఆ పిల్ల బతుకు ఆగమైతది. వాళ్లు యాడుంటే గాడికే పోయి సూడాలె. నిజమైతే నిజమని రాస్త.”

ఆయన మాట న్యాయమైనదని నాకు అక్కడే తెలిసింది. కాకపోతే రెండు చిక్కులు. మిర్యాలగూడ వేరే జిల్లా, ఆయన పరిధి కాదు. రెండోది భాష. భర్తే భార్యకు దుబాసీగా ఉంటే ఆ మాటకు విలువ ఉండదు. అరబ్బీ తెలిసిన, వాళ్లకు సంబంధం లేని మనిషి కావాలి.

మొదటి దానికి నేను వివరణ రాసిన. వీళ్లది తరతరాల గొర్ల పెంపకం, ఎండాకాలం మంద వెంట పోవడం ఇల్లు మారడం కాదు, వానలు పడంగనే అదే ఇంటికి వస్తారు, కాబట్టి వాళ్లున్న చోటే విచారణ చేయమని. అయంతు, అనంతమ్మ ఇద్దరూ ఒక్కరేనని సర్పంచ్‌తో రాయించి జతచేసిన. జిల్లా ఆఫీసులో పై అధికారి అది చదివి, అక్కడి స్టేషన్‌కు చెప్పి పోయి రమ్మని యాదగిరి గారికి అనుమతి ఇచ్చిండు.

రెండో దానికి కోదాడలో మనిషి దొరికింది. సుభద్రమ్మ గారు. బస్టాండు వెనక టిఫిన్ సెంటరు నడుపుతుంది. అంతకుముందు పదిహేనేండ్లు కువైట్‌లో వంటమనిషి. తన పాస్‌పోర్టు పనికి ఒకసారి నా దగ్గరికి వచ్చింది, అట్ల పరిచయం. ఫోన్‌లో విషయం చెప్తే, రెండో మాట లేకుండా ఒప్పుకుంది.

“ఎందుకు రానండీ? అక్కడ ఆ పిల్లలు ఎన్ని పాట్లు పడతారో నాకు తెలుసు. ఒక్కదాని కాపురం నిలబడితే నాకదే చాలు. ఉప్మా, ఇడ్లీ మా తోడికోడలు చూసుకుంటుందిలెండి.”

మే చివరి వారంలో, ఎండ ముదరకముందే, నేనూ యాదగిరి గారూ సూర్యాపేట నుంచి కారులో మిర్యాలగూడ పోయినం. సుభద్రమ్మ గారు కోదాడ బస్సు దిగి, స్టీలు డబ్బాలో ఇడ్లీలతో బస్టాండులో ఎదురుచూస్తూ ఉంది. ఊరు దాటేదాకా రోడ్డు పొడుగునా రైస్ మిల్లుల ముందు వడ్ల లారీలు, గాలిలో ఊక. కాల్వ కట్ట ఎక్కి కొంతదూరం పోయినంక మంద కనిపించింది. కోసిన పొలం మధ్యలో, ఒక బండరాయి పక్కన రెండు కర్రలకు కట్టిన టార్పాలిన్ పరదా, దాని కింద పొయ్యి, సత్తు గిన్నెలు, నీళ్ల క్యాన్లు, చుట్టి పెట్టిన గొంగళ్లు. అదే ఇల్లు.

అయంతు ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. మమ్మల్ని చూసి లేవబోతే యాదగిరి గారు కూచోమని సైగ చేసిండు. ముందు మల్లేశ్‌ను పిలిచి అడుగుతానని, ఆమెను సుభద్రమ్మ గారితో అటు గట్టు దాకా పంపిండు. నన్ను మాత్రం వినొచ్చు గానీ మధ్యలో మాట్లాడొద్దన్నడు.

మల్లేశ్ అన్నిటికీ సరిగ్గానే చెప్పిండు. ఎక్కడ కలిసింది, ఎప్పుడు విడిపోయింది, ఆమె తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ములు ఎందరు. ఆమెకు ఏ కూర ఇష్టమని అడిగితే, కారం ఎక్కువేస్తదని, తనే తినలేకపోతున్నడని చెప్పిండు. చివరికి యాదగిరి గారు, ఇద్దరి మధ్య కొట్లాటలు గిట ఉన్నయా అని అడిగిండు.

“ఏం లెవ్వు సార్. మంచిగుంటం,” అన్నడు మల్లేశ్.

ఇప్పుడు అతన్ని గట్టుకు పంపి ఆమెను పిలిచిండు. అవే ప్రశ్నలు. సుభద్రమ్మ గారు అరబ్బీలో అడుగుతుంటే అయంతు నెమ్మదిగా, కింద చూసుకుంటూ చెప్తోంది. ఈనలేక అవస్థపడ్డ గొర్రె సంగతి ఆమె నోట కూడా అట్లనే వచ్చింది. కాకపోతే ఆమె చెప్పినదాంట్లో మల్లేశ్ ఆ రోజు పక్కన కూచుని ఏడ్చిండట. అతను మాతో అది చెప్పలేదు.

చివరి ప్రశ్న దగ్గరికి వచ్చింది. కొట్లాటలు ఉన్నాయా అని సుభద్రమ్మ గారు అడిగింది. అప్పటిదాకా మెల్లగా మాట్లాడిన మనిషి ఒక్కసారి తల ఎత్తింది. చేతులు తిప్పుతూ, గట్టు వైపు చూపిస్తూ, ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. కండ్లలో నీళ్లు. సుభద్రమ్మ గారి మొహం మారింది. ఆమె నా వైపు చూసింది, చెప్పాలా వద్దా అన్నట్టు.

నేను ఏమీ అనలేను. అనకూడదు.

“ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మా,” అన్నడు యాదగిరి గారు.

“రెండు మూడు రోజుల బట్టి ఆయనతో మాట్లాడట్లేదంటండి. పాలిచ్చే గొర్రెని, ఈవిడ నీళ్లకి వెళ్లినప్పుడు చెప్పకుండా వ్యాపారికి అమ్మేశాడంట. దాని పిల్ల ఇంకా పాలు మానలేదు. ఇప్పుడు తల్లిలేని పిల్లని నేను సాకాలి, నన్నొక్క మాటైనా అడగాల్సిన పని లేదా, మంద ఆయనొక్కడిదేనా అని అడుగుతోంది. మీరే చెప్పండి సార్ అంటోంది.”

యాదగిరి గారు పెన్నుకు మూత పెట్టిండు. ఆ తర్వాత గట్టు వైపు తిరిగి మల్లేశ్‌ను రమ్మని చెయ్యి ఊపిండు. అతను పరుగెత్తుకుంటూ వచ్చిండు.

“ఏం మల్లేశ్, మంచిగుంటమంటివి. గొర్రెను అమ్మిన సంగతేంది?”

మల్లేశ్ మొహం చిన్నబోయింది. తల గోక్కున్నడు. కొత్త మనుషుల ముంగట ఇంటి సంగతులు ఎట్ల చెప్తం సార్ అన్నడు. ఆ గొర్రెకు కాలు దెబ్బ తగిలిందని, ఇంత దూరం నడిచి తిరిగి రాదని, తోవలో చచ్చేకంటే అమ్ముడే నయమనుకున్ననని చెప్తుండగానే అయంతు మధ్యలో అందుకుంది. ఈసారి సుభద్రమ్మ గారి అవసరం సగమే పడింది. సగం అరబ్బీ, సగం తెలుగు. కాలుకు తను కట్టు కట్టిందని, నయం అవుతోందని, “నువ్వు సూసినవా? నువ్వు సూడలే,” అని ఆమె అంటుంటే, మల్లేశ్ అదే కలగలుపు భాషలో బదులు చెప్తున్నడు. మేం ముగ్గురం అక్కడ ఉన్నట్టు వాళ్లిద్దరికీ గుర్తే లేదు. వాదన నడుస్తూనే ఉంది. ఆ మధ్యలోనే, ఎండ మీద పడుతోందని మల్లేశ్ పరదా కొసను ఆమె వైపుకు లాగిండు. ఆమె మాట ఆపకుండానే అతని చేతిలోకి నీళ్ల చెంబు ఇచ్చింది. అతను తాగి, మళ్లీ వాదన అందుకున్నడు.

యాదగిరి గారు ప్యాడ్ మూసిండు.

“ఇగ సాలు మేడం. ఉత్తుత్తి పెండ్లి చేసుకున్నోళ్లు ఒక గొర్రె కోసం ఇన్ని రోజులు అలగరు.”

ఆ తర్వాత పొలం రైతును కూడా కలిసి రెండు మాటలు అడిగి రాసుకున్నడు. ఆ రైతు, మొగడూ పెండ్లాలు ఇద్దరూ కష్టజీవులని, ఆమె ఉండబట్టి ఈసారి మందలో పిల్లలు తక్కువ చచ్చినయని చెప్పిండు. సుభద్రమ్మ గారు తెచ్చిన ఇడ్లీలు అందరం తిన్నం. పోయేముందు ఆమె అయంతును పక్కకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పారని కారులో అడిగితే, కోపం వచ్చినప్పుడు అరబ్బీలో కాదు, తెలుగులో తిట్టడం నేర్చుకో, అత్త కూడా నీ పక్కకు వస్తుందని చెప్పానండి, అన్నది.

యాదగిరి గారి రిపోర్టు నేను తర్వాత చూసిన. అందులో అలంకారం ఏమీ లేదు. ఇద్దరూ భార్యాభర్తలుగా కలిసి జీవిస్తున్నారు, వృత్తిరీత్యా ఎండాకాలం మందతో పాటు సంచారంలో ఉంటారు, స్వస్థలం మారలేదు, విచారణలో వారి కాపురం నిజమైనదని తేలింది. గొర్రె సంగతి రాయలేదు. అడిగితే, అది వాళ్ల ఇంటి విషయం మేడం అన్నడు.

జూన్ మొదటి వారంలో రోజూ పొద్దున లేవంగనే కంప్యూటర్ తెరిచేదాన్ని. గడువు దగ్గర పడుతోంది. మల్లేశ్ ఫోన్ చేయడం మానేసిండు, అడగాలంటే భయమేసిందట. ఒక పొద్దున తెరిస్తే, వీసా కన్వర్షన్ మంజూరైనట్టు ఉంది. ఒకసారి చదివి నమ్మకం కుదరక, కింద జిరాక్స్ షాపు అబ్బాయితో ప్రింటు తీయించి కాగితం మీద మళ్లీ చదివిన. మల్లేశ్‌కు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పొలంలో మోటరు డబ్బా దగ్గర చార్జింగ్ పెట్టుకునే మనిషి. కరెంటు ఎప్పుడుంటే అప్పుడే ఫోన్, తొలకరిదాకా ఎవరికీ కలవనేలేదు.

మోతెలో ఉన్న బుచ్చమ్మకు చెప్పిన. ఆమె నా మాట మొత్తం వినకముందే ఫోన్ బిడ్డకు ఇచ్చేసింది. వెనకనుంచి ఏడుపు వినిపించింది. అది సంతోషమేనని ఆమె బిడ్డ నాకు చెప్పాల్సి వచ్చింది.

తొలకరి పడినంక మంద తిరుగు ప్రయాణం పట్టింది. ఒక సాయంత్రం పెన్‌పహాడ్ రోడ్డు మీద ఎదురుపోయి ఆ కాగితం చేతికిచ్చిన. రోడ్డు నిండా గొర్లు, వెనక లారీల హారన్లు. అయంతు ముందు నడుస్తోంది, మల్లేశ్ వెనక. ఆమె కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూసింది. చదవడం రాదు కానీ తన ఫోటో ఉన్న చోటు మీద వేలు పెట్టింది.

“ఇగ పోవుడు లేదా?” అని తెలుగులోనే అడిగింది.

లేదు, ఇక్కడే ఉంటవు అని చెప్పిన. ఆమె వెనక్కి తిరిగి, గొర్ల మీదుగా మల్లేశ్‌కు ఏదో గట్టిగా చెప్పింది. అతను రోడ్డు మధ్యలోనే కర్ర ఆనించి నిలబడిపోయిండు. వెనక లారీ డ్రైవరు తిట్టేదాకా కదలలేదు.

ఇప్పుడు వాళ్లకు ఒక కూతురు. ఆ పిల్ల తెలుగు, అరబ్బీ, తల్లి సొంత భాష, మూడింటి మాటలూ కలిపి మాట్లాడుతుందని బుచ్చమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. పెండ్లయి రెండేండ్లు దాటింది కాబట్టి ఓసీఐ కార్డు కోసం, అంటే ఆమె ఎప్పటికీ ఇక్కడ ఉండేందుకు, కాగితాలు పెట్టినం. ఈసారి ఎండాకాలం ఏ ఊరి వైపు పోతారో మల్లేశ్ ముందే నాకు చెప్పిండు. నేను అది కూడా రాసి జతచేసిన.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒకటి మారింది. పెండ్లి మీద వీసా కావాలని ఎవరు వచ్చినా, ఇంటి నంబరు, ఆధార్ కార్డు తర్వాత అడుగుతాను. ముందు ఇద్దర్నీ వేరువేరుగా కూచోబెట్టి, నిన్న పొద్దున ఎక్కడ లేచిన్రు, పక్కన ఎవరున్నరు, మొన్న దేని గురించి కొట్లాడుకున్నరు అని అడుగుతాను. చాలామంది సిగ్గుపడతారు, మేం కొట్లాడుకోం మేడం అంటారు. అట్లా అన్నవాళ్లతో ఇంకొంచెంసేపు కూచుంటాను. కొట్లాట సంగతి మొహమాటం లేకుండా చెప్పినవాళ్ల కాగితాలు మాత్రం ఆ రోజే మొదలుపెడతాను.